ఆపిన చెయ్యి, ఆగిన అడుగు

(దుర్గాబాయి దేశ్‌ముఖ్ స్మారకోపన్యాస పాఠం)



దుర్గాబాయి గారి గురించి ఎవరు మాట్లాడినా కాకినాడ గేటు దగ్గరే మొదలుపెడతారు. నేనూ అక్కడే మొదలుపెడతాను. కాకపోతే గేటు కాసిన పిల్ల పక్కన కాకుండా, గేటు దగ్గర ఆగిపోయిన మనిషి పక్కన కాసేపు నిలబడి చూద్దామని నా ఆశ.

అది 1923 డిసెంబరు. కాకినాడలో కాంగ్రెస్ మహాసభలు. వాటితోపాటే ఖద్దరు ప్రదర్శన. గేటు దగ్గర వలంటీరుగా పద్నాలుగేళ్ల దుర్గాబాయి. టిక్కెట్టు లేనివాళ్లను లోపలికి వదలొద్దని ఆమెకు అప్పగించిన పని. జవహర్‌లాల్ నెహ్రూ వచ్చారు. ఆయన దగ్గర టిక్కెట్టు లేదు. ఆ పిల్ల ఆపేసింది. నిర్వాహకులు చూసి ఆమె మీద మండిపడ్డారు. మీరు చెప్పిన పనే నేను చేస్తున్నానని ఆమె కదల్లేదు. చివరికి వాళ్లే టిక్కెట్టు కొని ఇస్తే గానీ నెహ్రూ లోపలికి వెళ్లలేదు. వెళ్లాక ఆ పిల్ల తన పని చేసిన తీరును మెచ్చుకున్నారు.

దీన్ని మనం ఎప్పుడూ ఆ పిల్ల ధైర్యం కథగానే చెప్పుకుంటాం. అందులో తప్పు లేదు. కానీ నా ఉద్యోగమంతా పర్సనెల్ డిపార్ట్‌మెంటులో గడిచింది. రిటైరయ్యాక మూడు నాలుగు సంస్థల్లో అంతర్గత ఫిర్యాదుల కమిటీలకు బయటి సభ్యురాలిగా కూర్చుంటున్నాను. ఇన్నేళ్లు ఫిర్యాదులు వినీ వినీ, నాకు ఈ కథలో మిగతా మనుషులు కనబడటం మొదలైంది. ఆ రోజు నెహ్రూ కూడా కోప్పడి ఉంటే ఏమయ్యేది? పిల్ల ధైర్యం అంతే ఉండేది. కథ మాత్రం మన దాకా వచ్చేది కాదు. మర్నాటి నుంచి ఆ గేటు దగ్గర ఇంకొకరిని పెట్టేవాళ్లు.

ఆఫీసులో ఎవరికి చోటుంది, ఎవరికి లేదు అన్న సంగతి మాట్లాడటం కష్టం. ఆ కష్టమంతా చెప్పేవాళ్ల నెత్తిన పెట్టి, ధైర్యంగా మాట్లాడండి, గొంతు విప్పండి అని మనం శిక్షణ తరగతులు నడుపుతున్నాం. శిక్షణ కావలసింది వాళ్లకు కాదు, వినవలసినవాళ్లకు. ఇవాళ నేను చెప్పదలుచుకున్నది ఇంతే.

ముందు ఒక మాట గురించి. ఆఫీసుల్లో ఇన్‌క్లూజన్ అంటున్నారు. తెలుగులో చెప్పమంటే ‘అందరినీ కలుపుకుపోవడం’ అంటారు. నాకు ఆ మాటతో చిన్న పేచీ ఉంది. కలుపుకుపోయేది ఎవరు? అప్పటికే లోపల కూర్చున్నవాళ్లు. వాళ్లకు మనసైతే కలుపుకుంటారు, లేకపోతే లేదు. నేను ‘చోటు’ అనే మాట వాడతాను. బస్సులో టిక్కెట్టు తీసుకున్న మనిషికి చోటివ్వడం ఎవరి దయా కాదు. కాళ్లు కాస్త దగ్గరికి ముడుచుకోవాలి, అంతే.

ఒకసారి నన్నూ ఒకరు ఆపారు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఇంకా రాని రోజులు. అప్పుడు నేను పనిచేస్తున్న సంస్థది పాత భవనం. లిఫ్టు లేదు. మీటింగులన్నీ మొదటి అంతస్తు హాల్లో. అకౌంట్స్‌లో ఒకతను చక్రాల కుర్చీలో వచ్చేవాడు. జీతాల లెక్కింపులో కొత్త పద్ధతి వస్తోందని సిబ్బంది మొత్తానికి సమావేశం పెట్టాను. గంటన్నర నడిచింది. అందరూ ప్రశ్నలడిగారు, సమోసాలు తిన్నారు. అంతా అయ్యాక నేను కిందికి దిగేసరికి అతను వాచ్‌మన్ స్టూలు పక్కన తన కుర్చీలో ఉన్నాడు. ఒళ్లో కాగితం ప్లేటు, అందులో చల్లారిపోయిన సమోసా.

“ఏమయ్యా, మీటింగుకి రాలేదేం?” అన్నాను. ఆ ప్రశ్న నా నోట్లోంచి ఎలా వచ్చిందో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గే.

అతను కోప్పడలేదు. “హాజరు పుస్తకం కిందికి తెచ్చి నాచేత సంతకం పెట్టించుకున్నారు మేడమ్. సమోసా కూడా వచ్చింది. మీటింగొక్కటే రాలేదు” అన్నాడు.

నేనేమన్నాను? “అయ్యో, ముందే చెబితే నలుగురు కుర్రాళ్లు కుర్చీతో సహా పైకి తెచ్చేవాళ్లు కదా” అన్నాను. అంటే, చెప్పకపోవడం నీ తప్పే అన్నాను. అది చాలనట్టు “నా ఉద్దేశం అది కాదని నీకు తెలుసుగా” అని కూడా అన్నాను. తెలుసన్నట్టు అతను తలూపాడు. నా ప్రాణం కుదుటపడింది. రాత్రి కంచం ముందు కూర్చున్నాక గానీ వెలగలేదు: అవమానం జరిగింది అతనికి, ఓదార్పు దక్కింది నాకు.

మర్నాడు అతని దగ్గరికి వెళ్లి, “నిన్న నేను మాట్లాడింది బాగాలేదు. ఏం చేస్తే బాగుంటుందో చెప్పు” అన్నాను. అతను ఎప్పుడో ఆలోచించి పెట్టుకున్నాడు. కింద ఒక గదినిండా పాత ఫైళ్ల బీరువాలున్నాయి. అవి పైకి పోతే మీటింగులు కిందికి వస్తాయి. ఇద్దరు హమాలీల ఒక పూట కూలితో పని అయిపోయింది. అన్నేళ్లూ ఫైళ్లు నేలమీద, మనుషులు మేడమీద ఎందుకున్నారంటే, మాలో ఎవరికీ ఆ మెట్లు ఎప్పుడూ అడ్డుగా కనబడలేదు.

ఇలాంటి విషయంలో దుర్గాబాయి గారి దారి వేరు. ఢిల్లీలో అంధుల సహాయ సంఘానికి అధ్యక్షురాలిగా ఉండి, చూపులేని పిల్లలకు బడి, హాస్టలు, పని నేర్పే కర్మశాల ఏర్పాటు చేయించారు. జాలి మాటలతో ఆగకుండా, వాళ్లు నిలబడటానికి కావలసిన గోడలు, పనిముట్లు చూశారు.

ఇక ఆ గేటు దగ్గరికే వద్దాం. ఆ పిల్ల చేతిలో ఒక ఆయుధం ఉంది, ‘టిక్కెట్టు ఉండాలి’ అనే నియమం. అదే లేకపోతే ఆమె ధైర్యాన్ని పెంకితనం అనేవాళ్లు. మన ఆఫీసుల్లో చాలాకాలం ఆ నియమమే లేదు. రాజస్థాన్‌లో భన్వరీదేవి అనే గ్రామీణ కార్యకర్త బాల్యవివాహాన్ని ఆపబోయి 1992లో సామూహిక అత్యాచారానికి గురైంది. ప్రభుత్వం అప్పగించిన పని చేస్తూ ఆమె దాడికి గురైంది. ఆ ఉదంతం నుంచి పుట్టిన కేసులోనే సుప్రీంకోర్టు 1997 ఆగస్టు 13న విశాఖ తీర్పు ఇచ్చింది. పని ప్రదేశంలో లైంగిక వేధింపుల మీద మార్గదర్శకాలు అప్పుడొచ్చాయి. చట్టం రావడానికి ఇంకో పదహారేళ్లు, అంటే 2013 దాకా ఆగాల్సివచ్చింది. ఎనిమిదేళ్లకే తనకు చేసిన పెళ్లిని పెద్దయ్యాక కాదనుకుని బయటికి వచ్చిన దుర్గాబాయి గారి పేరు మీద జరిగే సభలో, భన్వరీదేవి పేరు చెప్పుకోవడం న్యాయమనుకుంటాను.

ఇవాళ పదిమంది లేదా అంతకు మించి పనిచేసే ప్రతి చోటా అంతర్గత కమిటీ ఉండాలి. దానికి పెద్ద హోదాలో ఉన్న మహిళ అధ్యక్షత వహించాలి. సభ్యుల్లో కనీసం సగంమంది మహిళలు, ఒకరు బయటివారు ఉండాలి. ఇక 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం అంతకుముందు 7 రకాలుగా ఉన్న వైకల్యాలను 21 చేసింది. తగిన వసతి కల్పించకపోవడమూ వివక్షే అంది. నా సమోసాల మీటింగు ఇవాళైతే చట్టం దృష్టిలోకి వచ్చే సంగతి. కాబట్టి మన చేతికి టిక్కెట్టు నియమం వచ్చింది. కానీ చట్టం దాకా పోయేలోపు వంద మాటలుంటాయి. ఆ వంద మాటల దగ్గరే మనం తడబడుతున్నాం.

ఒక ఐటీ కంపెనీలో కొత్తగా చేరిన అమ్మాయి కథ చెబుతాను. మొదటివారం భోజనాల దగ్గర టీమ్ లీడ్ ఆమెను పేరడిగాడు. చెప్పింది. “పూర్తి పేరు?” చెప్పింది. “ఇంటిపేరు అదేనా? ఏ ఊరు మీది? ఊళ్లో ఎటువైపు?” అన్నాడు. ఆ చివరి ప్రశ్న దగ్గర ఆమె చెయ్యి పెరుగన్నంలో ఆగిపోయింది. మర్నాటి నుంచి ఆ బల్ల దగ్గర కుర్చీలు ముందే నిండిపోయేవి. కొన్నాళ్లకు ఆమె ఆ లీడ్‌తోనే విడిగా మాట్లాడింది. “మీరడిగింది నా ఊరు కాదు సార్, నా కులం” అంది. అతను నిజంగానే నొచ్చుకున్నాడు. “అదేంటమ్మా, ఊరికే అడిగాను” అన్నాడు.

ఆఫీసుల్లో ఇలాంటి తలుపులు మూసే మాటలు మన భాషలో మూడున్నాయి. ఊరికే, సరదాకి, మనలో మనం. కులం ఆరా తీసి ‘ఊరికే’ అంటాం. తెలంగాణ యాసనో శ్రీకాకుళం యాసనో మీటింగులో అనుకరించి ‘సరదాకి’ అంటాం. “రిజర్వేషన్లో వచ్చాడులే” అని గొంతు తగ్గించి ‘మనలో మనం’ అంటాం. ఈ మూడు మాటల్లో ఏదొకటి మీ నోట్లోంచి వచ్చిందంటే, మీరు అప్పటికే గేటు వేసేశారని గుర్తు.

అంబేద్కర్ గారు విదేశంలో పెద్ద చదువు చదివి 1917లో బరోడా సంస్థానంలో ఉద్యోగంలో చేరితే, బంట్రోతులు ఆయన బల్ల మీదికి ఫైళ్లు దూరం నుంచి విసిరేవారని జీవితచరిత్రకారులు రాశారు. ఇవాళ ఎవరూ ఫైలు విసరరు. మెయిల్‌లో పేరు చేర్చరు. టీకి వెళుతూ పిలవరు. విసిరిన ఫైలుకు చప్పుడైనా ఉంటుంది, పిలవని టీకి ఉండదు. అందుకే దీని గురించి ఫిర్యాదు చేసేవాళ్లు ‘ఏదో ఊహించుకుంటున్నారు’ అనిపించుకుంటారు. సముద్రం దాటినా ఈ ఇంటిపేరు ప్రశ్న మనవాళ్లను వదల్లేదు. అమెరికాలో మొట్టమొదట సియాటిల్ నగరం 2023 ఫిబ్రవరిలో కుల వివక్షను నిషేధించింది. అదే ఏడాది కాలిఫోర్నియా చట్టసభ ఆమోదించిన బిల్లును అక్టోబరులో గవర్నరు తిరస్కరించారు. అక్కడి మన సంఘాలు రెండు పక్కలా నిలబడి వాదించుకున్నాయి.

మరి ఆ లీడ్ ఏం చేసి ఉండాల్సింది? నన్నడిగితే మొదటి నిమిషం నోరు మూసుకోవాల్సింది. ఇది వెటకారం కాదు, నా అనుభవం. మీ ఉద్దేశం మంచిదే కావచ్చు. అది రేపు చెప్పినా చెడిపోదు. ఆమె మాటే ఇవాళ వినకపోతే ఇంకెప్పుడూ మీ దాకా రాదు. విన్నాక, విన్నదాన్ని మీ మాటల్లో తిరిగి చెప్పండి. “నేను నీ ఊరి గురించి రెండుసార్లు అడిగానని, తర్వాత బల్ల దగ్గర నీకు చోటు లేకుండా పోయిందని చెబుతున్నావు. అంతేనా?” అనండి. ఆ ‘అంతేనా’ చాలా పని చేస్తుంది. ఆ తర్వాత, ఫలానా రోజుకి నేనే వచ్చి మాట్లాడతానని తేదీ చెప్పండి. చెప్పిన తేదీకి వెళ్లండి. “నాకు వాళ్లలో ఎంతమంది స్నేహితులున్నారో తెలుసా” అనే మాట మాత్రం చచ్చినా అనకండి.

చెప్పేవాళ్లకు కూడా ఒక మాట. ఇది బరువు మోపడానికి కాదు, మీ మాటకు బలం రావాలని. మనిషిని గురించి కాకుండా జరిగినదాన్ని గురించి చెప్పండి. “మీకు కులపిచ్చి” అంటే అతను తన గుణగణాల మీద వాదన పెట్టుకుంటాడు, అది సాయంత్రం దాకా తెగదు. “మంగళవారం భోజనాల దగ్గర ఊళ్లో ఎటువైపు అని అడిగారు, నలుగురూ విన్నారు” అంటే కాదనడానికి అతనికి చోటుండదు. ఇంటికెళ్లి తేదీ వేసి రాసిపెట్టుకోండి. టీమ్ వాట్సాప్ గ్రూపులో మొదలుపెట్టకండి. అక్కడ మాట మారడం తేలిక, మనిషి మారడం కష్టం. ఒంటరిగా వెళ్లడం భయమైతే నమ్మకమున్న ఒకరిని వెంటబెట్టుకెళ్లండి. ఇంకొకటి, ఆఫీసు మొత్తానికి పాఠం చెప్పే బాధ్యత మీది కాదు. మహిళా దినోత్సవానికి మైకు, అంబేద్కర్ జయంతికి దండ మీ చేతికిచ్చి మీ అనుభవాలు చెప్పమంటే, వద్దనే హక్కు మీకుంది.

కాకినాడ కథలో అందరూ మరిచిపోయే పాత్ర నిర్వాహకులది. ఆగినాయనకు లేని కోపం వాళ్లకొచ్చింది. ఆఫీసుల్లో నేను ఎక్కువగా చూసింది వీళ్లనే. ఒక డైరెక్టరు గారి మీద ఎవరైనా చిన్నమాట అంటే, ఆయనకన్నా ముందు ఆయన చుట్టూ ఉన్నవాళ్లకు గుండె మండుతుంది. “సార్‌నే అంటావా, ఆయన నీకు ఉద్యోగమిచ్చాడు” అంటారు. ఎవరూ ఏమీ రాతపూర్వకంగా చెయ్యరు. ఆ ఏడు అప్రైజల్ ఫారంలో మాత్రం ‘టీమ్‌లో ఇమడలేకపోతున్నారు’ అని ఒక వాక్యం పడుతుంది. అందుకే మాట చెప్పిన మనిషి తర్వాతి రెండు అప్రైజళ్లను పైవాళ్లు స్వయంగా చూడాలని నేను పోరుతుంటాను. ‘ఫిర్యాదుదారులను రక్షిస్తాం’ అని గోడ మీద అంటించే కాగితం కన్నా అది పనికొస్తుంది.

దీనికి అవతలి కొస కూడా ఉంది. నొప్పించకుండా ఉందామని నిజం దాచడం. ఒక మేనేజరు నాతో అన్నాడు: “ఆవిడకు పనిలో లోపం చెబుదామన్నా భయం మేడమ్. ఏడుస్తుందేమో, కమిటీకి వెళుతుందేమో.” అందుకని మూడేళ్లు వరుసగా ‘బాగుంది’ అని రాశాడు. అదే బ్యాచ్ కుర్రాడిని టీ కొట్టు దగ్గర వారానికోసారి చెడామడా తిట్టేవాడు. ఈ రిపోర్టు ఇలాగేనా రాసేది, క్లయింటు ముందు ఇలాగేనా మాట్లాడేది అని. ఆ తిట్ల మధ్యే కుర్రాడు పని నేర్చుకున్నాడు. నాలుగో ఏడు ప్రమోషన్ల జాబితాలో అతని పేరుంది, ఆమె పేరు లేదు. ఆమె నా ఎదుట కూర్చుని ఒకే ప్రశ్న వేసింది: “బాగుంటే ఎందుకివ్వలేదు? బాగోలేకపోతే ఎందుకు చెప్పలేదు?” నా దగ్గర జవాబు లేదు. ఆ మేనేజరు ఆమెను ఒక్క మాట అనలేదు. ఆమె నష్టపోయింది ఆ అనకపోవడం వల్లే. లోపం చెప్పడమూ చోటివ్వడంలో భాగమే. ఆడపిల్లకైనా, దళితుడికైనా, వినికిడి లేని మనిషికైనా పని గురించి పక్కవాడికి చెప్పినంత సూటిగా చెప్పండి. మర్యాదగా, నమూనా చూపించి, ఎలా సరిదిద్దాలో చెబుతూ చెప్పండి. మినహాయింపు కూడా వెలివేతేనని మరవకండి.

ఇన్ని మాటలు చెప్పినా, మాటలతో తీరని వాటి గురించి చెప్పకపోతే నేను మోసం చేసినట్టే. వేధింపు జరిగితే “ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి” అనడం మధ్యవర్తిత్వం కాదు, నేరాన్ని కప్పిపుచ్చడం. 2013 చట్టం రాజీకి వీలు ఉంచింది గానీ, బాధితురాలు తానే కోరితేనే. అందులో డబ్బు మాట రాకూడదని కూడా స్పష్టంగా రాసింది. మామూలుగా మూడు నెలల్లోపు ఫిర్యాదు చెయ్యాలి, విచారణ 90 రోజుల్లో ముగించాలి. కులం పేరుతో తిడితే దానికి 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ఉంది. అది భోజనాల బల్ల దగ్గర తేల్చుకునే వ్యవహారం కాదు. ఏది సంభాషణ, ఏది కేసు అన్నది నిర్ణయించే పనిని అన్యాయం జరిగిన మనిషికి వదలాలి. పెద్దమనుషుల పంచాయితీ తీర్పుల్లో మనకు వందల ఏళ్ల అనుభవం ఉంది. అవి ఎటు మొగ్గుతాయో కూడా అందరికీ తెలుసు.

చివరిగా టిక్కెట్టు సంగతి. నెహ్రూ మెచ్చుకున్నారని అందరూ చెబుతారు. టిక్కెట్టు కొన్న తర్వాతే ఆయన లోపలికి వెళ్లారన్నది ఆ వెనకాల దాక్కుంటుంది. ‘భలే పిల్లవి’ అని బుగ్గ గిల్లి టిక్కెట్టు లేకుండానే లోపలికి పోయి ఉంటే, ఆ మెచ్చుకోలుకు విలువెంత? మన సంస్థలు చేస్తున్నది చాలావరకు అదే. చెప్పినవాళ్లకు చప్పట్లు కొట్టి, చెప్పింది మాత్రం చెయ్యరు.

నా మాట ముగించే ముందు, ఈ సాయంత్రం జరిగిందొకటి. ఈ వేదిక ఎక్కుతూ మెట్లు లెక్కపెట్టాను. అయిదున్నాయి. పక్కన వాలుబాట లేదు. పిలిచి పీట వేసినవాళ్లను తప్పుపట్టడం మర్యాద కాదంటారు. అయినా నిర్వాహకుల్లో ఒకాయనను పక్కకు పిలిచి చెప్పాను. “ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదండీ” అని మొదలుపెట్టారు. అని, ఆగారు. నిజంగానే ఆగారు. జేబులోంచి పెన్ను తీసి, “ఎంత వాలు ఉండాలండీ?” అన్నారు. ఒక అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవని చెప్పాను. ఈ వేదిక దాదాపు మూడడుగులుంది. ఆయన ముప్పై ఆరడుగులు కంటితో కొలుచుకుని, అటు గోడ, ఇటు గోడ చూసి తల గోక్కున్నారు.

“అంత చోటు లేదే” అన్నారు. ఒక్క క్షణం ఆగి, “అయితే వచ్చే ఏడు వేదిక మానేసి, నేల మీదే బల్ల వేద్దామండీ” అన్నారు.

వచ్చే ఏడు చూద్దాం. సెలవు.